అమ్మా అని పిలవని ఇల్లు

ఆ ఇంట్లో అమ్మను ఎవరూ అమ్మా అని పిలవరు. పిన్నీ అంటారు. కన్నకూతురితో సహా.

పిల్లలు సరదాకి అలవాటు చేసుకున్న ముద్దుపిలుపు అనుకునేరు, కాదు. అది ఆ ఇంటి చట్టం. చేసింది సాక్షాత్తూ అమ్మే. ఆవిడ ముందుగదిలో కుట్టుమిషన్ వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. బట్ట మీద సుద్దతో ఒకసారి గీత గీసిందంటే ఇక కత్తెర దాని మీదుగానే పోవాలి, మాటా అంతే. చట్టం చేసిన రోజున ఆ ఇంటి పిల్లకు ఎనిమిదేళ్ళు. ఇప్పుడు పదమూడు. మధ్యలో ఐదేళ్ళు గడిచిపోయాయి, చట్టం మాత్రం చెక్కుచెదరలేదు.

సంగతి మొదటి నుంచీ చెప్పాలి. సొంత ఇంట్లో ఉండే వీల్లేని పిల్లలుంటారు. ఒకరికి తల్లి మంచాన పడుతుంది, ఒకరికి తండ్రి కనపడకుండా పోతాడు. ఆ చిక్కు తీరేదాకా అలాంటి పిల్లల్ని మంచి కుటుంబాల్లో ఉంచే ఆఫీసు ఒకటుంది. అమ్మ వెళ్ళి అందులో పేరు రాయించుకుంది. నాన్న సిటీ బస్సు డ్రైవరు. రోజంతా ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ చూసే మనిషి కాబట్టి, ఇంట్లోనూ నలుగురు ఎక్కి దిగితే తప్పేముందన్నాడు. ముందుగా ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. చిన్నవాడికి నాలుగేళ్ళు.

వాళ్ళు వచ్చిన మర్నాడు పొద్దున పిల్ల బడికి తయారవుతూ లోపలి గదిలోంచి కేకేసింది.

"అమ్మా! నా సాక్సు ఒకటే కనబడుతోంది!"

చిన్నవాడు తాగుతున్న పాలగ్లాసు కింద పెట్టేసి వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వాళ్ళమ్మ వచ్చేసిందనుకున్నాడు కాబోలు. ఎంత పిలిచినా రాలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా వాడిదదే వరస, లేవడం, గుమ్మం దగ్గరికి వెళ్ళడం. మూడు రోజులు చూసింది అమ్మ. నాలుగో రోజున కూతుర్ని మిషన్ దగ్గరికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇవాళ్టి నుంచి నువ్వు కూడా వాళ్ళలాగే నన్ను పిన్నీ అను. సరేనా?"

"ఎందుకూ?"

"ఆ మాట విన్నప్పుడల్లా చిన్నాడికి వాళ్ళమ్మ గుర్తొస్తోంది. చూస్తున్నావుగా. నేను ఎలాగూ నీకు అమ్మనే. పిలుపులో ఏముందే?"

పిలుపులో ఏముందో ఎనిమిదేళ్ళ పిల్లకు మాత్రం ఏం తెలుస్తుంది? కొత్త ఆట అనుకుని సరేనంది. నాన్నే కాస్త గొణిగాడు. "అదేం పనే! కన్నపిల్ల చేత పిన్నీ అనిపించుకోవడం ఎక్కడైనా ఉందా?" అంటే, "మీకు తెలీదు లెండి, మీరు అమ్మ దగ్గరే పెరిగారు" అంది అమ్మ. దాంతో నాన్న నోరు మూతపడింది. అమ్మ పెరిగింది వాళ్ళ మేనత్త ఇంట్లో. అక్కడ మేనత్త పిల్లలు పొద్దున లేచింది మొదలు అమ్మా అమ్మా అంటుంటే, తను ఒక్కతే ఆ మాట లేకుండా పదేళ్ళు గడిపింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఆవిడ చట్టానికి ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. మంచివాళ్ళతో వచ్చే ఇబ్బందే ఇది, వాళ్ళతో పోట్లాడే వీలుండదు.

ఎనిమిది నెలల తర్వాత అన్నదమ్ముల్ని వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడు. ఆటో మలుపు తిరిగిందో లేదో పిల్ల మొదలుపెట్టింది. "అమ్మా, గ్లాసు ఇక్కడుంది." "అమ్మా, బయట ఎండగా ఉంది." "అమ్మా." "ఏమిటే?" "ఏం లేదు, ఊరికే." తొమ్మిది రోజుల పాటు ఆ ఇల్లు ఆ మాటతో మార్మోగిపోయింది. పదో రోజున ఆఫీసు మేడమ్ ఇంకో పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. కొత్తపిల్ల చెప్పులు విప్పుతుండగా అమ్మ కూతురి వంక చూసింది. ఆ చూపు చాలు.

ఆ తర్వాత ఎందరో వచ్చారు, వెళ్ళారు. పిల్లకు 'పెద్దది' అని పేరు స్థిరపడిపోయింది. ఒకసారి తనకంటే మూడేళ్ళు పెద్దవాడైన కుర్రాడొకడు వచ్చి ఉన్నాడు, అప్పుడు కూడా తనే పెద్దది. సర్దుకోవాల్సింది ఎవరో వాళ్ళే పెద్ద, వయసుతో పనేముంది? కిటికీ పక్కన పడక కొత్తగా వచ్చినవాళ్ళకి. "నువ్వు మా బంగారం కదే, నీకు చెప్పక్కర్లేదు" అనేది అమ్మ. అలా చెప్పక్కర్లేదు, చెప్పక్కర్లేదు అంటూనే ఆ పిల్లతో మాట్లాడటం తగ్గిపోయిందని ఆవిడ గమనించుకోలేదు.

ఇంకొకటి కూడా ఉంది. యూనిఫారాలు కుట్టగా మిగిలిన బట్టతో అమ్మ అందరికీ ఒకేలాంటి బట్టలు కుట్టేది. నలుగురూ ఒకే రంగులో వీధిలోకి వస్తే చూసినవాళ్ళు అడిగేవారు. "వీళ్ళలో మీ సొంతపిల్ల ఎవరండీ?" అమ్మ మొహం వెలిగిపోయేది. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు, "అందరూ నా పిల్లలేనండీ" అనేది. పెద్దపిల్ల ప్రతిసారీ ఊపిరి బిగబట్టి నిలబడేది. ఈసారైనా చెయ్యి చాపి, ఇదిగో ఇదండీ, అంటుందేమోనని. ఎప్పుడూ అనలేదు.

గుండు వచ్చి ఏడాదిన్నర అయింది. దానికి ఆరేళ్ళు. వచ్చిన రోజున పేలు పడ్డాయని తల నున్నగా గొరిగించి పంపారు. నాన్న చూడగానే "ఎవరీ గుండు?" అన్నాడు. అదీ నవ్వింది. ఇప్పుడు రెండు జడలు వచ్చాయి గానీ పేరు మాత్రం రాలిపోలేదు. గుండుకు పెద్దపిల్ల అంటే ప్రాణం. పక్కన పడుకుని దాని గౌను అంచు పిడికిట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోదు. ఒకసారి ముగ్గురూ కూరగాయలకు వెళ్ళినప్పుడు, ఎవరి పిల్లో తప్పిపోయి "అమ్మా! అమ్మా!" అని అంగడంతా వినపడేలా అరిచింది. గుండు ఉన్నచోటనే నేల మీద కూలబడిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు మెతుకు ముట్టలేదు. మూడో రోజు పెద్దపిల్ల తన కంచం తీసుకుని బల్ల కింద దూరి, దాని పక్కన కూర్చుని, "నేనూ తినను అయితే" అంటే అప్పుడు తింది.

అందుకని గుండు మీద కోపం తెచ్చుకోవడం కూడా పెద్దపిల్లకు చేతకాలేదు. కానీ దాని అమ్మమ్మ ఒకావిడ ఉందనీ, వేసవి సెలవుల్లో వచ్చి తీసుకెళుతుందనీ ఆఫీసువాళ్ళు చెప్పారు. ఆ కబురు తెలిసిన రోజున అమ్మ బొత్తాలు కుడుతూ, తల ఎత్తకుండానే అంది.

"ఇది వెళ్ళాక కొన్నాళ్ళు ఎవర్నీ తెచ్చుకోనే. నువ్వూ నేనూ నాన్నా, అంతే. అప్పుడు నీ ఇష్టమొచ్చినట్టు పిలుచుకో."

 పెద్దపిల్ల ఆ మాటను గుండెలో పెట్టుకుంది. సెలవులకు నాలుగు నెలలుంది. తర్వాత మూడు నెలలు. గుండు జడలు అల్లుతూ, దాని బూట్ల లేసులు ముడేస్తూ, లోపల్లోపల రోజులు లెక్కపెట్టుకునేది. తనను నమ్ముకున్న పిల్ల ఎప్పుడు వెళుతుందా అని ఎదురుచూడటం సిగ్గుగానే ఉండేది. అయినా లెక్క ఆగేది కాదు.

ఇక బడి సంగతి. ఇదే అసలు ముడి.

ఆరో తరగతిలో కొత్త బడిలో చేరినప్పుడు, క్లాసు చూసుకునే లెక్కల టీచరు ఒక్కొక్కరినీ లేపి ఇంట్లో ఎవరెవరుంటారో చెప్పమంది. పెద్దపిల్ల లేచి, నోటికి అలవాటైన మాటే చెప్పింది. "నాన్న, పిన్ని, ఒక చెల్లి, ఇద్దరు తమ్ముళ్ళు."

"మరి అమ్మో?" అంది టీచరు.

ఏం చెప్పాలి? అమ్మ ఉందండీ, ఆవిడే పిన్ని, కానీ అమ్మా అనకూడదు, ఎందుకంటే రెండేళ్ళ కిందట ఒక పిల్లవాడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇదంతా నలభై మంది ముందు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.  "అమ్మో?" అన్న ఆ ఒక్క ముక్క చెవిలో ఉండిపోయి, అనుకోకుండా బొటబొటా కన్నీళ్ళు కారాయి. టీచరు గబగబా వచ్చి వీపు మీద చెయ్యేసి, "కూర్చో తల్లీ, కూర్చో" అంది. అంతే. నాన్న ఉండి, పిన్ని ఉండి, అమ్మ అనగానే పిల్ల ఏడిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? టీచరూ అదే అనుకుంది. క్లాసంతా అదే అనుకుంది.

ఆ రోజు నుంచి ఆ బడిలో పెద్దపిల్ల తల్లి లేని పిల్ల అయింది. టీచరు మధ్యాహ్నం వచ్చి దాని డబ్బా మూత తీసి చూసేది, పిన్ని కడుపునిండా పెడుతోందో లేదోనని. డబ్బా నిండుగానే ఉండేది. అయినా ఆవిడకు అనుమానం తీరేది కాదు. బెంచీలో పక్కన కూర్చునే స్నేహితురాలు వాళ్ళమ్మ గురించి ఏదైనా చెప్పబోయి టక్కున ఆగిపోయి నాలుక కరుచుకునేది. కాదని చెప్పే అవకాశం మొదటి వారంలో ఉంది. మొదటి నెలలో కూడా ఉంది. ఏడో తరగతికి వచ్చేసరికి లేదు. ఎనిమిదో తరగతికి అది కట్టుకున్న ఇల్లంత గట్టిపడిపోయింది.

ఇంకా నిజం చెప్పాలంటే, ఆ పిల్లకు చెప్పాలని కూడా లేదు. దానికి అమ్మ లేదని బాధపడే మనిషి లోకంలో ఆ టీచరు ఒక్కతే. ఇంట్లో ఎవరూ ఆ బాధ పడటం లేదు. అలాంటి బాధ ఒకటి ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

బడిలో సమావేశాలకు ఎప్పుడూ నాన్నే వచ్చేవాడు. ఖాకీ చొక్కాతోనే వచ్చి, రిపోర్టు మీద సంతకం గీకి, "బస్సు నిలబెట్టి వచ్చానండీ" అంటూ పరుగెత్తేవాడు. భార్య పోయిన మనిషి దగ్గర ఆ ఊసెత్తడం మర్యాద కాదని టీచరు ఎత్తేది కాదు. అలా రెండున్నరేళ్ళు ఏ గొడవా లేకుండా నడిచిపోయింది.

ఒక బుధవారం పెద్దపిల్ల బడి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు ఆఫీసు మేడమ్ స్కూటరుంది. లోపల ఆవిడ కాగితాలు సర్దుకుంటోంది. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది గానీ మొహం మాత్రం విప్పారి ఉంది.

"ఏమైంది పిన్నీ?"

"గుండు ఎక్కడికీ వెళ్ళదే! వాళ్ళమ్మమ్మకి చేతకాదట, ఒంట్లో బాగుండటం లేదట. మన దగ్గరే ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

"అది ఇప్పుడే చెప్పలేం అమ్మా," అంది మేడమ్. "బహుశా ఇక ఇక్కడే. అదృష్టవంతురాలు. నీలాంటి అక్క ఎవరికి దొరుకుతుంది?"

పెద్దపిల్ల భుజాన సంచి దించకుండా నిలబడింది. గుండు వచ్చి నడుముకు చుట్టుకుంది. దాని తల మీద చెయ్యి వేసి నిమురుతూనే, అమ్మ వంక చూసి అడిగింది.

"మరి సెలవుల్లో?"

"సెలవుల్లో ఏముందే?" అంది అమ్మ.

నిజంగానే అడిగింది. గుర్తులేదు. ఇన్నాళ్ళుగా కూతురు రోజులు లెక్కపెడుతున్న మాటను ఆవిడ ఆ బొత్తంతో పాటే కుట్టేసి మర్చిపోయింది. "ఏం లేదు" అని పెద్దపిల్ల లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. ఇంటి నిండా మనుషులున్నారు, బయట మేడమ్ నవ్వుతోంది, మిషన్ మీద రేడియో పాడుతోంది. ఆ పిల్లకు మాత్రం తను ఎవరూ లేని చోట నిలబడి ఉన్నట్టనిపించింది.

ఆ శనివారమే బడిలో సమావేశం. నాన్న డ్యూటీ పొద్దుటికి మారింది.

"ఈసారి నేనొస్తాలే," అంది అమ్మ.

పెద్దపిల్ల గబుక్కున అందుకుంది. "వద్దు పిన్నీ. పెద్ద ముఖ్యమైందేం కాదు. రాకపోయినా ఏమనరు."

"ఎప్పుడూ నాన్నేనా? మీ బడి నేను చూడొద్దూ? మీ టీచరెలా ఉంటుందో కూడా తెలీదు నాకు."

"నీకు పని ఉందిగా. ముప్పై చొక్కాలు ఇవ్వాలన్నావు."

"చొక్కాలు ఎక్కడికీ పారిపోవు." అమ్మ అప్పటికే మంచి బట్టలు తీసి మంచం మీద పరుస్తోంది. ఆవిడ నిర్ణయానికి తిరుగేముంది?

శనివారం పొద్దున పెద్దపిల్ల అందరికంటే ముందే బడికి పరుగెత్తింది. టీచరును పట్టుకుని ఎలాగో ఒకలా ఆపాలని. తీరా ఎదురుగా నిలబడ్డాక నీళ్ళు నమిలింది.

"టీచర్, ఇవాళ నాన్న రావట్లేదు. పిన్ని వస్తోంది. పిన్నికి చాలా పనుంది టీచర్, తొందరగా సంతకం పెట్టించుకుని పంపించేయండి."

టీచరు కళ్ళద్దాల మీదుగా చూసింది. "రానీ తల్లీ. ఆవిడతో మాట్లాడాలనే ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను."

పొగ ఆర్పబోయి మంట రాజేసినట్టయింది.

క్లాసు గదిలో పెద్దవాళ్ళంతా పిల్లల బెంచీల్లో మోకాళ్ళు మడిచి ఇరుక్కుని కూర్చున్నారు. అమ్మ వచ్చింది. ఇంట్లో చూసుకోవడానికి ఎవరూ లేక గుండును కూడా తీసుకొచ్చింది. కిటికీ పక్క బెంచీలో స్నేహితురాలు, పక్కన వాళ్ళమ్మ. పెద్దపిల్ల బల్ల పక్కన నిలబడి, తన చేతివేళ్ళను తనే మెలిపెట్టుకుంటోంది. పేరు పిలవగానే అమ్మ వెళ్ళి టీచరు ఎదుట కూర్చుని గుండును ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఒళ్ళో ఉన్న పిల్లనూ, దూరంగా నిలబడ్డ పిల్లనూ టీచరు మార్చి మార్చి చూసింది.

"ఈ చిన్నపాప మీ పాపేనా?"

"అవునండీ, మా పాపే," అంది అమ్మ, ఎప్పుడూ అనే మాట ఎప్పటిలాగే.

టీచరు తల పంకించింది. "పెద్దమ్మాయి చదువు గురించి చెప్పడానికేం లేదు. లెక్కల్లో మొదటి ముగ్గురిలో ఉంటుంది. కానీ నోరు విప్పదు. ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. తల్లి లేని పిల్ల. బయటికి చెప్పుకోలేదు..."

అమ్మ చప్పున గుండు రెండు చెవులూ మూసేసింది. "దీని ముందు వద్దండీ," అంది గొంతు తగ్గించి. "దీనికి తల్లి ఉంది. కాకపోతే..."

"ఈ పాప గురించి కాదండీ." టీచరు కూడా గొంతు తగ్గించింది. కానీ చిన్న గది అది. "పెద్దమ్మాయి గురించి అంటున్నాను. మొదటిరోజు అమ్మ గురించి అడిగితే ఎలా ఏడ్చిందో నా కళ్ళలోంచి ఇంకా పోలేదు. మీరు బాగానే చూసుకుంటున్నారు, నేను కాదనను. మీకూ మీ పాప ఉంది. కానీ ఆ పిల్లను కూడా అప్పుడప్పుడు కాస్త దగ్గరికి తీసుకోండి. ఎంత పెద్దదైనా అదీ పిల్లే."

అమ్మ చేతులు గుండు చెవుల మీదనే ఉండిపోయాయి. మెల్లగా తల తిప్పి కూతురి వంక చూసింది. ఆవిడకు అర్థమవుతున్నకొద్దీ మొహంలో రంగు దిగిపోతూ రావడం పెద్దపిల్ల చూసింది.

ఆ క్షణంలో ఆ పిల్ల రెండు కోరుకుంది. చెప్పొద్దు, పిన్నీ, దయచేసి చెప్పొద్దు అని ఒకటి. చెబితే బతికున్న అమ్మను రెండున్నరేళ్ళు చంపి ఉంచిన పిల్లగా ఈ గదిలో తలెత్తుకునేదెలా? కిటికీ పక్క స్నేహితురాలు ఇటే చూస్తోంది. రెండోది ఏమిటంటే, అమ్మ ఇప్పుడే, ఇక్కడే లేచి నిలబడి, గుండును పక్కన దించేసి, ఇది నా కూతురండీ, నేను కన్న కూతురు, దీనికి అమ్మను నేను, అని బడి అదిరిపోయేలా అరవాలని. రెండూ ఒకేసారి కోరుకుంది, ఒకటి జరిగితే రెండోది జరగదని తెలిసి కూడా.

అమ్మ నోరు తెరిచింది. కూతురి కళ్ళలో మొదటిదే కనబడింది ఆవిడకు. మళ్ళీ మూసింది.

"అలాగేనండీ," అంది. "చూసుకుంటాను."

"మంచిది." టీచరు రిపోర్టు ముందుకు జరిపింది. కింద మూడు గళ్ళున్నాయి. తల్లి, తండ్రి, సంరక్షకులు. అమ్మ చెయ్యి అలవాటుగా మొదటి గడి మీదికి వెళ్ళింది. టీచరు ఎంతో మృదువుగా, నొప్పించకుండా, మూడో గడి మీద వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడండీ."

అమ్మ అక్కడే సంతకం పెట్టింది.

పెద్దపిల్ల పరువు నిలిచింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. అమ్మ దాన్ని కాపాడటానికి తనను తాను కాదనుకుంది, ఆ పిల్లకు అది అర్థమైంది కూడా. అర్థమైనా నొప్పి తగ్గలేదు.

బయట ఎండ మాడ్చేస్తోంది. అమ్మ ఒక చేత్తో గుండును పట్టుకుని ముందు నడుస్తోంది, పెద్దపిల్ల నాలుగడుగులు వెనక. సైకిళ్ళ దుకాణం దాటారు, బట్టలు ఇస్త్రీ చేసే చోటు దాటారు. కొడుతుందేమోనని చూసింది పెద్దపిల్ల, తిడుతుందేమోనని చూసింది. ఏదైనా బాగానే ఉండేది. ఒక మూసేసిన దుకాణం మెట్ల దగ్గర అమ్మ ఆగింది. నీడలో కూర్చుంది. గుండు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆడుకోవడం మొదలుపెట్టింది.

"ఎన్నాళ్ళయిందే నేను పోయి?" అంది అమ్మ.

పెద్దపిల్ల తల వంచుకుంది. "ఆరో తరగతిలో."

"ఎలా పోయాను?"

"నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు. వాళ్ళే అనుకున్నారు."

అమ్మ కాసేపు రోడ్డు వంక చూసింది. ఒక బస్సు వెళ్ళింది, నాన్నది కాదు.

"నిజంగా ఏడ్చావా? టీచరు చెప్పినట్టు?"

"ఊఁ."

"నటించావా, నిజంగానా?"

"నిజంగానే." పెద్దపిల్ల తల ఎత్తింది. "అమ్మ ఏదీ అని అడిగితే నిజంగానే ఏడుపొచ్చింది. ఎందుకో నాకే తెలీలేదు."

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఒళ్ళో రెండు చేతులూ పెట్టుకుని, కుట్టిన బట్ట మొత్తం విప్పాల్సి వచ్చినప్పుడు కూర్చున్నట్టు కూర్చుంది. మేనత్త ఇంట్లో పదేళ్ళు తను ఎక్కడ నిలబడి ఆ మాట విన్నదో, సరిగ్గా అక్కడే తన కూతుర్ని నిలబెట్టింది. వేరే పిల్లలెవరినీ నిలబెట్టకూడదని, ఉన్న ఒక్కగానొక్క పిల్లను నిలబెట్టింది. ఆ సంగతి ఆవిడకు ఒక్కసారిగా తెలిసొచ్చింది.

"బుధవారం నువ్వు అడిగావు," అంది చివరికి. "సెలవుల్లో అని. ఇప్పుడు గుర్తొచ్చింది."

పెద్దపిల్ల మెట్ల మీద ఆడుతున్న గుండు వైపు చూసింది.

"ఇలా రా."

దగ్గరికి వచ్చింది. అమ్మ దాని రెండు భుజాలూ పట్టుకుంది. ఇంతెత్తు ఎప్పుడు ఎదిగిందో చూసుకున్నట్టు ఎగాదిగా చూసింది.

"సెలవులొద్దు, ఏమొద్దు. ఇప్పుడే అనవే. ఒక్కసారి. నాకూ వినాలనుంది."

ఐదేళ్ళుగా ఆ పిల్ల ఎదురుచూసింది ఈ మాట కోసమే. ఇందుకోసం రోజులు లెక్కపెట్టింది, ఒక పసిపిల్ల ఇల్లు వదిలి వెళ్ళాలని కోరుకుంది. ఇప్పుడు అడక్కుండానే దొరికింది. నోరు తెరిచింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు మెట్ల మీది గంతులు ఆగాయి. గుండు పైమెట్టు మీద ఒంటికాలి మీద నిలబడి, వీళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారా అని తొంగిచూస్తోంది.

పెద్దపిల్ల నోరు మూసుకుంది. అమ్మ చేతులు తన భుజాల మీంచి నెమ్మదిగా తీసేసింది.

"గుండు వింటుంది, పిన్నీ," అంది గుసగుసగా. వెళ్ళి చిన్నదాని చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. "పద, ఎండ ఎక్కువవుతోంది" అంటూ దాన్ని తీసుకుని ఇంటి దారి పట్టింది.

అమ్మ మాత్రం వెంటనే లేవలేకపోయింది.